మనదే డాక్టరు

ప్రపంచంలో ఏ వస్తువు పేరెత్తినా అది మన దేశం వాళ్ళే కనిపెట్టారనడం ఆ పళ్ళ డాక్టరుగారికున్న ఒకే ఒక్క జబ్బు. తక్కిన విషయాల్లో ఆయనంత బుద్ధిమంతుడు ఆసుపత్రి మొత్తంలో ఇంకొకరు లేరు. వేళకు వస్తారు. ఎవరినీ కసురుకోరు. కానీ ఆయన ఎదుట పొరపాటున బొత్తాం అన్నారా, అయిపోయారన్నమాటే. "బొత్తామా? మనదే!" అంటారు. ఈల? మనదే. మడతమంచం? మనదే. తుమ్మొచ్చినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం? అది ముమ్మాటికీ మనదే. అలా అనీ అనీ చివరికి ఆయన అసలు పేరేమిటో ఊళ్ళో వాళ్ళు మరిచిపోయి 'మనదే డాక్టరు' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ సంగతి చెవిన పడ్డప్పుడు ఆయన కోప్పడలేదు సరికదా, "మనుషులకి మారుపేర్లు పెట్టడం కూడా మనవాళ్ళు కనిపెట్టిందే" అని పొంగిపోయారు.

ఇదంతా ఏ సముద్రం మధ్యలోనో అయితే పట్టించుకునే వాళ్ళుండరు. ఆ ఊరు సరిహద్దులో ఉంది. నది మీద వంతెన దాటితే పక్కదేశం. రెండు వైపులా మాట్లాడేది ఒకే భాష. తగువు మాత్రం ప్రతిదానికీ ఉంది. పళ్ళ ఆసుపత్రి ఇవతలి ఒడ్డున వంతెనకు దగ్గరగా ఉండడంతో వచ్చే రోగుల్లో సగం మంది అవతలివాళ్ళే. వాళ్ళను కుర్చీలో వెనక్కి వాల్చి, నోరు తెరిపించి, మారుమాట్లాడే వీలు లేకుండా చేసి మరీ డాక్టరుగారు తమ దేశభక్తిని వినిపించేవారు.

ఆ గదిలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్న నర్సుకు అబద్ధమంటే ఒళ్ళు మంట. చేరిన రోజునే ఆమెకు పరీక్ష ఎదురైంది. వానలో తడుస్తూ వచ్చి గొడుగు మూల పెట్టిందో లేదో, డాక్టరుగారు అడిగారు.

"ఆ గొడుగు ఎవరిదో తెలుసా అమ్మా?"

"మా ఆడపడుచు ఇచ్చిందండీ."

"ఇవ్వడం కాదు, కనిపెట్టిందెవరని. మనవాళ్ళే! పూర్వం మన రాజుగారొకాయనకి బట్టతల. ఎండకి నెత్తి మాడిపోతుంటే మంత్రి పైన కంచం పట్టుకుని నడిచేవాడు. చేతులు నొప్పెట్టి కంచానికి కాడ పెట్టించాడు. అదీ గొడుగు."

"మరి పక్కదేశం వాళ్ళు కూడా వాళ్ళదే అంటారు కదండీ."

"ఎలా అవుతుందమ్మా? వాళ్ళ రాజుకి జుట్టుంది!"

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆమె భర్తతో, "నేను ఉద్యోగం మానేస్తాను. అక్కడ పళ్ళకంటే కోతలే ఎక్కువ" అంది. పక్క గదిలోంచి అత్తగారు వచ్చి గొడుగు కథంతా మళ్ళీ చెప్పించుకుని పడీ పడీ నవ్వింది. మర్నాటి నుంచి కోడలు గుమ్మంలో అడుగుపెట్టగానే "ఇవాళ ఏం కనిపెట్టారే మీ డాక్టరు?" అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న. కూర ఎలా వండాలన్న దగ్గర్నుంచి బట్టలు ఎటు తిప్పి ఆరెయ్యాలన్న దాకా దేనిలోనూ కుదరని అత్తాకోడళ్ళకు రోజుకు పది నిమిషాలు కుదిరింది ఈ ఒక్క విషయంలోనే.

డాక్టరుగారిని సాక్ష్యాలతో ఓడించాలని చూసినవాళ్ళు లేకపోలేదు. రిటైరైన చరిత్ర మాస్టారొకాయన ఒకసారి చంకలో ఇంత లావు పుస్తకంతో వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే పుస్తకం తెరిచారు.

"చూడండి, నూట పన్నెండో పేజీ. కళ్ళజోడు మనది కాదు. కనిపెట్టినాయన పేరుతో సహా ఉంది."

డాక్టరుగారు పేజీ అంతా శ్రద్ధగా చదివారు. "ఈయన అమ్మమ్మ ఎవరు?"

"అమ్మమ్మా?"

"ఆవిడ ఊసే లేదేం ఇందులో?"

"అమ్మమ్మల గురించి చరిత్రలో ఎందుకు రాస్తారండీ!"

"అదీ సంగతి. ఆవిడ మన పిల్ల. ఇక్కణ్ణించి పెళ్ళి చేసుకుని వెళ్ళింది. మనవడికి చూపు ఆనకపోతే చిన్నప్పుడు తను చూసిన కళ్ళజోడు సంగతి చెప్పింది. పేరు మాత్రం మనవడు కొట్టేశాడు. ఏదీ, నోరు తెరవండి."

మాస్టారు మండిపడ్డారు. నోరు తెరిచే మండిపడ్డారు. ఆ కోపం ఆరకుండానే పన్ను పీకించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. పుస్తకం కుర్చీలోనే మరిచిపోయారు. అప్పటినుంచి ఎవరు ఏ రుజువు తెచ్చినా డాక్టరుగారి దగ్గర ఒక అమ్మమ్మ సిద్ధంగా ఉండేది. నిన్నగాక మొన్న కనిపెట్టిన యంత్రం గురించి చెప్పినా ఆయన ఎక్కణ్ణించో ఒక అమ్మమ్మను లాక్కొచ్చేవారు. ఆ లెక్కన పూర్వం మన దేశంలో ఆడపిల్లలెవరూ మిగలకుండా అందరూ విదేశాలకు కాపురానికి వెళ్ళిపోయి ఉండాలని నర్సుకు అనుమానం వచ్చింది. అడిగితే దానికీ ఏదో చెబుతారని భయపడి ఊరుకుంది.

ఇలా ఉండగా ఒకరోజు వంతెన అవతల నుంచి కుర్చీల మేస్త్రి వచ్చాడు.

మనిషి నిలువెత్తు. చేతులు చూస్తే దుంగల్ని పిండి చేసేలా ఉన్నాయి. నాలుగు తరాలుగా వాళ్ళింట్లో కుర్చీలు చెయ్యడమే పని. దవడ పన్ను పుచ్చిపోయి నొప్పితో వచ్చాడు. ఛాతీ మీద తువ్వాలు కట్టి వెనక్కి వాల్చేసరికి ఆ దుంగల్లాంటి చేతులు కుర్చీ పిడుల్ని గట్టిగా పట్టుకున్నాయి. డాక్టరుగారు ఆ చేతుల వంక ఒక్క క్షణం చూశారు.

"మేస్త్రిగారూ, ఏం చేస్తుంటారు?"

"కుర్చీలండీ."

"ఓహో. కుర్చీ మనదే తెలుసా?"

"మనదంటే?"

"మా దేశానిది."

మేస్త్రి తల ఎత్తాడు. "ఏమన్నారూ?"

డాక్టరుగారు మాట్లాడుతూనే సూది వేసేశారు. అంతటితో ఆగితే బాగుండేది. పన్ను మొద్దుబారేదాకా ఊసుపోవాలి కాబట్టి ఇంకొక మాటన్నారు. "మావాళ్ళు కుర్చీ కనిపెట్టేదాకా మీ దేశంలో నిలబడే భోంచేసేవారట కదా?"

అంతే. మేస్త్రి లేచాడు. లేచినవాడు మళ్ళీ కూర్చోలేదు. తువ్వాలు మెడలోనే ఉంది, పన్ను నోట్లోనే ఉంది. మూతి ఒకవైపు మొద్దుబారడంతో తిట్లన్నీ రెండోవైపు నుంచే వచ్చాయి. అలా తిడుతూనే వంతెన మీదికి వెళ్ళిపోయాడు. సరిహద్దు కాపలావాళ్ళు ఆ తువ్వాలు చూసి, ఎవరో భోజనం మధ్యలో లేచి వచ్చారనుకుని దారి ఇచ్చారట.

మూడో రోజున ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ చేతికి నాలుగు పేజీల ఫిర్యాదు వచ్చింది. ఆవిడ డాక్టరుగారిని, నర్సును గదికి పిలిపించింది.

"మీ చేతి పనికి నేను వంక పెట్టనండీ. మీ నోటితోనే వచ్చింది చిక్కంతా. ఇకనుంచి ఆ గదిలో దేశాల మాట రాకూడదు. నోరు తెరవండి, కాస్త నొప్పిగా ఉంటుంది, ఉమ్మెయ్యండి. ఈ మూడు ముక్కలు తప్ప ఇంకేం మాట్లాడొద్దు. ఇంకోసారి ఇలాంటి కాగితం వస్తే మిమ్మల్ని తీసి పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టాల్సి వస్తుంది. నా చేతుల్లో ఉండదు."

"ఫైలు..." అని డాక్టరుగారు ఏదో అనబోయారు. పెద్ద డాక్టరమ్మ చూపు చూసి నోరు మూసుకున్నారు.

నర్సు మాత్రం లోలోపల సంబరపడింది. ఇన్నాళ్ళకు చెవులకు విశ్రాంతి దొరికిందనుకుంది.

ఆ సంబరం మర్నాడు పదింటిదాకా కూడా నిలవలేదు. మొదటి రోగి బస్సు డ్రైవరు. ఎప్పుడూ వాదించుకుంటూ వచ్చి వాదించుకుంటూ వెళ్ళే మనిషి. డాక్టరుగారు "నోరు తెరవండి" అన్నారు. తెరిచాడు. గది నిశ్శబ్దంగా ఉంది. సూది కనిపించింది. డ్రైవరు కళ్ళు తేలేశాడు. అతని మొహాన నీళ్ళు కొట్టి లేపేసరికి అరగంట పట్టింది. తర్వాత బరువులెత్తే పహిల్వాను ఒకాయన చేతులు కడుక్కొస్తానని వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు. తపాలా ఆఫీసు ఆవిడ డాక్టరుగారి వేలు కొరికింది. పళ్ళు అరగదీసే ఆ యంత్రం అంత చప్పుడు చేస్తుందని నర్సుకు నాలుగేళ్ళలో మొదటిసారి తెలిసింది.

"ఏమైంది వీళ్ళందరికీ? ఇదివరకు ఇలా లేరే!" అంది ఆమె, అయోడిన్ సీసా పట్టుకుని.

డాక్టరుగారు వేలికి మందు రాయించుకుంటూ, "ఉమ్మెయ్యండి" అన్నారు. ఆ వారమంతా ఆయన ఆ మూడు ముక్కలు దాటలేదు.

ఆ వారం చివర్న రోగుల కార్డులు వరస పెట్టే పని నర్సు మీద పడింది. రోజూ ఆ కార్డుల్ని తీసి డాక్టరుగారికి అందించేది ఆమే అయినా, వెనక్కి తిప్పి చూసే అవసరం ఎన్నడూ రాలేదు. ఆ రోజు కట్ట జారి కార్డులన్నీ నేల మీద బోర్లా పడ్డాయి. ఒక్కో దాని వెనకా పెన్సిలుతో సన్నటి అక్షరాలున్నాయి.

'చరిత్ర మాస్టారు. సూది పేరు వింటే చెమటలు. కళ్ళజోడు. రెండు నిమిషాలు వస్తుంది.'

'బస్సు డ్రైవరు. రక్తం చూడలేడు. చక్రం మనదంటే చాలు, ఇంకేమీ చూడడు.'

'తపాలా ఆవిడ. చిన్నప్పుడు ఇద్దరు చేతులు పట్టుకుని పన్ను పీకారట. ఆ భయం పోలేదు. చేతులు ముట్టుకోకూడదు. పోస్టుడబ్బా.'

'పహిల్వాను. పైకి ధైర్యం. బరువుల గురించి ఎత్తకూడదు, పరువు సమస్య. ఈల చాలు.'

నర్సు నేల మీదే చతికిలబడిపోయింది. కార్డు తర్వాత కార్డు తిరగేసింది. వందల మంది భయాలు అందులో ఉన్నాయి. ప్రతి భయం పక్కనా ఒక వస్తువు పేరు ఉంది. వాటి మధ్య ఆమె కార్డూ దొరికింది. రెండేళ్ళ కిందట ఆమెకు ఇక్కడే రెండు పళ్ళకు సిమెంటు పెట్టారు. నొప్పే తెలియలేదని అప్పుడు అందరికీ చెప్పుకుంది కూడా. దాని వెనక ఇలా ఉంది: 'మన నర్సు. దేశం గొడవ ఈ అమ్మాయికి పట్టదు. వాళ్ళత్తగారి గురించి అడగాలి. నలభై నిమిషాలు వస్తుంది.'

ఆమె ఆ కార్డు పట్టుకుని డాక్టరుగారి ఎదుటికి వెళ్ళి నిలబడింది.

"ఇదేమిటండీ?"

డాక్టరుగారు దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు మొహం పెట్టారు. ముందు తలుపు వంక చూసి, తర్వాత గొంతు తగ్గించి మాట్లాడారు.

"భయపడేవాళ్ళకి భయపడకండి అని చెబితే ఇంకా భయపడతారమ్మా. ఓదారిస్తే ఏడుస్తారు. కోపం తెప్పించామనుకో, భయపడడానికి తీరిక ఉండదు. అదీ దేశం మీద కోపమైతే ఇంకా మంచిది. ఎవరి సొంతమూ కాదు, ఇంటికెళ్ళేసరికి ఆరిపోతుంది."

"నాలుగేళ్ళుగా మిమ్మల్ని కోతలరాయుడనుకుంటున్నానండీ నేను."

"ఊరంతా అనుకుంటుందిగా. అనుకోనీ. పన్ను వచ్చేస్తే చాలు."

"మరి మా అత్తగారి గురించి నలభై నిమిషాలు నాచేత..."

"చాలా బాగా చెప్పావమ్మా. నాకు మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

నవ్వబోయి ఆగిపోయారాయన. "మేస్త్రి విషయంలో మాత్రం మోతాదు తప్పాను. కుర్చీ అంటే ఆయనకి దేశం కాదు, వాళ్ళ నాన్న, తాత. అక్కడ చెయ్యి పెట్టకూడదు. తప్పు నాదే. ఆ పన్ను కింద చీము పడుతోంది. క్షమించమని రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఎక్కడైనా పీకించుకున్నాడో లేదో!" అని కిటికీలోంచి వంతెన వంక చూశారు. ఆయన వారం రోజులుగా తీరిక దొరికినప్పుడల్లా అటే చూస్తున్నారని నర్సుకు అప్పుడు తోచింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వేళ మేస్త్రి వచ్చాడు. వచ్చాడనేకంటే, భార్య తీసుకొచ్చిందనాలి. చెంప గుమ్మడికాయలా ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది.

"మూడు రోజులుగా మంచినీళ్ళు కూడా దిగట్లేదండీ" అంది ఆవిడ. "మా వైపు రెండు చోట్లకి తీసుకెళ్ళాను. సూది చూసి రెండు చోట్లా లేచొచ్చేశారు. ఇక్కడొక్క చోటే వేయించుకున్నారు. వేసిన సంగతి, ఇంటికొచ్చాక వంకర మూతి చూసి నేను చెబితేగానీ ఈయనకి తెలీలేదు. అందుకే ఇక్కడికే లాక్కొచ్చాను. రానంటే రానన్నారు."

డాక్టరుగారు నోట్లోకి దీపం వేసి చూశారు. ఆయన మొహం మారిపోయింది. "ఇంకో రోజు ఆగితే గొంతులోకి దిగేదమ్మా. ఊపిరి ఆడేది కాదు. ఇప్పుడే తీసెయ్యాలి."

ఫిర్యాదు చేసిన మనిషే వచ్చాడని తెలిసి పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. డాక్టరుగారు ఆవిడను చూశారు, మేస్త్రిని చూశారు. చేతులు జోడించారు.

"మేస్త్రిగారూ, ఆ రోజు నేనన్నది తప్పు. కుర్చీ మీదే. నన్ను క్షమించండి."

ఆ మాటతో మేస్త్రి గుండెల్లో పది రోజులుగా రగులుతున్న కోపం కాస్తా చల్లారిపోయింది. అది చల్లారడంతో లోపల భయం ఒక్కటే మిగిలింది. దుంగల్లాంటి చేతులు మళ్ళీ కుర్చీ పిడుల్ని పట్టుకున్నాయి. డాక్టరుగారు సూది తీసేసరికి మేస్త్రి కాళ్ళు రెండూ కుర్చీ దిగిపోయాయి. భార్య భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చింది. మళ్ళీ దిగిపోయాడు.

"వద్దు. పోదాం పద. పోతే పోయానులే" అన్నాడు ముద్దముద్దగా.

డాక్టరుగారు నోరు తెరిచారు. గుమ్మం వంక చూసి మూసుకున్నారు. "కాస్త నొప్పిగా ఉంటుంది" అన్నారు నీరసంగా. ఆ మాట వినగానే మేస్త్రి నిలబడేశాడు.

నర్సు ఇద్దరి వంకా చూసింది. డాక్టరుగారికి మూడు ముక్కలే. తనకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? పుట్టి బుద్ధెరిగాక ఆమె అబద్ధం ఆడి ఎరగదు. చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెంలో ఏముందో అదే నోటికొచ్చింది.

"దూది మా దేశం వాళ్ళే కనిపెట్టారు!"

గది అంతా ఆమె వైపు తిరిగింది. మేస్త్రి కూడా తిరిగాడు.

"ఏమన్నావమ్మా?"

"దూది. మావాళ్ళే కనిపెట్టారు. మీకు మా దగ్గర్నించే వచ్చింది." మొహం వేడెక్కిపోతున్నా ఆమె ఆగలేదు. "అంతకుముందు మీ దిండ్లలో ఏముండేదో మరి!"

"దూది చెట్టుకి కాస్తుంది తల్లీ! చెట్టుకి కాసేదాన్ని ఎలా కనిపెడతారు?" అంటూ మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. ఇలాంటి మనిషితో నిలబడి వాదించడం ఆయన వల్ల కాలేదు.

"చెట్టు ఎవరు కనిపెట్టారు మరి?"

"చెట్టా! చెట్టుని కనిపెట్టారా!" ఆయన నోరు ఎంత తెరవాలో అంతా తెరుచుకుంది. డాక్టరుగారి సూది లోపలికి వెళ్ళి వచ్చేసింది. అది మేస్త్రికి తెలియలేదు.

"విత్తనం నాటింది మొదట మావాళ్ళేనండీ. మీరు వంతెన మీంచి చూసి నేర్చుకున్నారు."

"అఉఉ అంఎఅ ఎఅఇఇ?" అన్నాడు మేస్త్రి, నోట్లో డాక్టరుగారి చేయి ఉండగానే.

"అప్పుడు వంతెన ఎక్కడిదంటున్నారండీ" అంది భార్య. ముప్పై ఏళ్ళ కాపురం మరి, ఆవిడకు అన్నీ అర్థమవుతాయి.

"వంతెన కూడా మాదే" అంది నర్సు. ఇక ఆమెను పట్టేవాళ్ళు లేరు. నది సంగతి కూడా ఎత్తబోతుంటే డాక్టరుగారు కళ్ళతోనే వారించారు. మోతాదు గురించి ఆయనకు ఇప్పుడు భయం. నర్సు దూది దగ్గరే ఆగింది. దూదితో ముందు చేసింది ఒత్తా, దిండా అన్న దాని మీద పావుగంట వాదన నడిచింది. మేస్త్రి వేలు ఆడించాడు, కాళ్ళు కొట్టాడు, మొహం ఎర్రగా చేసుకున్నాడు. కానీ కుర్చీ మాత్రం దిగలేదు. ఆయన మూడోసారి "ఎఉఇ ఆఉంఇ!" అని, చెట్టుకి కాస్తుందనే కాబోలు, అరుస్తుండగా పళ్ళెంలో టక్కుమని చప్పుడైంది.

"అయిపోయింది" అన్నారు డాక్టరుగారు.

మేస్త్రి వాదన మధ్యలో ఆగిపోయాడు. పళ్ళెంలోకి చూశాడు. మూడు వేర్ల దవడ పన్ను. ఆయన దాన్ని అనుమానంగా చూసి, నాలుకతో లోపల తడుముకుని చూశాడు. అది తనదేనని తేలాక దుంగల్లాంటి చేతులు పిడుల మీద మెత్తగా వాలిపోయాయి. భార్య నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చి, ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. చీమునంతా తీసి శుభ్రం చేసి మందులు రాసేదాకా డాక్టరుగారు తల ఎత్తలేదు. ఎత్తాక పది రోజులుగా బిగబట్టినట్టున్న ఊపిరి వదిలారు.

నర్సు భయంభయంగా గుమ్మం వైపు చూసింది. పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"నేను మాట్లాడొద్దన్నది డాక్టరుగారిని" అంది ఆవిడ చివరికి. "నర్సు సంగతి నేను ఎత్తలేదు." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఆ ఫిర్యాదు కాగితం కూడా ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నాకూ ఎడమవైపు పన్నొకటి కదులుతోంది డాక్టరుగారూ. నన్నేం అడుగుతారో ముందే చెబితే రేపు వస్తాను."

"చెబితే పనిచెయ్యదండీ" అన్నారు డాక్టరుగారు.

నర్సు మేస్త్రి నోట్లో ఇంత దూది పెట్టి, "గంటసేపు గట్టిగా నొక్కిపట్టండి. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు" అని జాగ్రత్తలు చెప్పింది. మేస్త్రి బుద్ధిగా తల ఊపాడు. భార్య చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. వెనక్కి తిరిగి నర్సు బల్ల దగ్గరికి వచ్చి పెన్సిలు కావాలని సైగ చేశాడు. కార్డు ముక్క మీద వంగి, నాలుగు తరాల మేస్త్రి కొయ్య చెక్కినట్టే పెద్దపెద్ద అక్షరాలతో కుదురుగా రాసి, ఆమె చేతిలో పెట్టి, ఇక వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

'దూది మాది.'

నర్సు అది డాక్టరుగారికి చూపించింది. ఆయన దూరంగా పట్టుకుని చదివి, కిటికీలోంచి వంతెన ఎక్కుతున్న మొగుడూపెళ్ళాలను చూశారు.

"ఇవాళ్టికి ఇచ్చేద్దాంలే అమ్మా" అన్నారు. "నోట్లో పెట్టుకుపోయాడు కదా, ఇంక మనదని ఏం చెబుతాం!"